సలహా ఇవ్వని సలహాదారులు

‘జెనెటిక్ కౌన్సెలింగ్’ను తెలుగులో ‘జన్యు సలహా’ అంటున్నారు. ఆ మాట పెట్టినవారికి ఆ వృత్తి సంగతి తెలియకపోయి ఉండాలి, లేదా మరీ బాగా తెలిసి ఎత్తిపొడుపుగా పెట్టి ఉండాలి. ఆ గదిలో కూర్చునే సలహాదారు క్రోమోజోముల బొమ్మ చూపించవచ్చు, వంశవృక్షం గీయవచ్చు, అంకెలు చెప్పవచ్చు. ఒక్క సలహా మాత్రం చెప్పకూడదు. ‘నిర్ణయం పూర్తిగా మీదే’ అని ముగించాలి. వృత్తిధర్మం అలా శాసిస్తుంది. కడుపులోని బిడ్డ గురించి దిగులుపడుతూ సలహా కోసం వచ్చిన తెలుగు ఇల్లాలికి అక్కడ దొరికేవి ఒక భిన్నం, ఒక కరపత్రం, ఒక చిరునవ్వు.

దీన్ని రోగి స్వేచ్ఛకు ఇచ్చే గౌరవమని పిలవడం ఇక మానుకోవాలి. రేనా రాప్ రాసిన ‘టెస్టింగ్ విమెన్, టెస్టింగ్ ది ఫీటస్’ను ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ తెరిచినవారికి కలిగే మొదటి అభిప్రాయం ఇదే. రాప్ ఇంత కటువుగా అనలేదు. ఆమె పోగుచేసిన సాక్ష్యం అంటుంది.

పుస్తకం 1999లో వెలువడింది. రాప్ మానవశాస్త్రవేత్త. 1980ల తొలినాళ్ళలో తాను గర్భవతిగా ఉన్నప్పుడు ఉమ్మనీటి పరీక్ష చేయించుకుని, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని తేలాక గర్భాన్ని తీయించుకున్న స్త్రీ. ఆ సంగతి దాచుకోకుండా 1984లోనే రాసి ప్రకటించింది. ఆ తర్వాత న్యూయార్క్ నగరంలో జన్యు సలహా జరిగే గదుల్లో ఒక మూల కూర్చుని, ఎవరు ఎవరితో ఏమంటున్నారో రాసుకుంటూ ఏళ్ళు గడిపింది. అంతటితో ఆగలేదు. ఆ స్త్రీల ఇళ్ళకు వెళ్ళి, అక్కడ మీకేం చెప్పారని అడిగింది. పరీక్ష చేయించుకున్నవారితోనూ, వద్దన్నవారితోనూ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను పెంచుకుంటున్న తల్లిదండ్రులతోనూ, ప్రయోగశాలలో కణాలు పెంచే ఉద్యోగులతోనూ మాట్లాడింది. హైతీ నుంచి, ప్యూర్టోరికో నుంచి, లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన పేద స్త్రీలు ఆ పుస్తకం నిండా ఉన్నారు. సలహాదారులలో అత్యధికులు మధ్యతరగతి తెల్లజాతి స్త్రీలు. ఒకే వాక్యం బల్లకు ఇవతల ఒకలాగా, అవతల ఇంకొకలాగా ఎలా వినిపిస్తుందో రాప్ చూపించినంత ఓపికగా మరొకరు చూపించలేదు.

గర్భంలోని బిడ్డ గురించి ఇంతకుముందు ఏ తరానికీ ఎదురుకాని ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసి వచ్చిన ఈ స్త్రీలను ఆమె నైతిక రంగంలో తొలి బాట వేసినవాళ్ళు అంది. ఆ మాట చాలా పేరు తెచ్చుకుంది, సభల్లోనూ వ్యాసాల్లోనూ పతకంలాగా వాడేశారు. ఆ పొగడ్తలో మరుగున పడింది ఒంటరితనం. అడవిలోకి తొలి బాట వేయడానికి పంపేవాడి చేతికి కనీసం ఒక కత్తి ఇస్తారు. వీళ్ళ చేతికి ఇచ్చింది శాతాలు.

ఈ తటస్థత ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా తిట్టడం అన్యాయం. అలెగ్జాండ్రా మిన్నా స్టెర్న్ రాసిన ‘టెల్లింగ్ జీన్స్’ (2012) ఆ చరిత్ర చెబుతుంది. ‘జెనెటిక్ కౌన్సెలింగ్’ అనే మాటను 1947లో పుట్టించినవాడు షెల్డన్ రీడ్. ఆయన పనిచేసిన మిన్నెసోటాలోని డైట్ సంస్థ, మేలుజాతి మనుషులే పుట్టాలని, ‘పనికిరానివారికి’ సంతానం కలగకుండా చేయాలని పోరిన ఒక వైద్యుడు రాసిచ్చిన ఆస్తితో నడిచింది. న్యూజిలాండ్ కూడా దీనికి దూరంగా లేదు. ఇక్కడి వైద్యుడు, రాజకీయ నాయకుడు చాపుల్ 1903లోనే ‘ది ఫెర్టిలిటీ ఆఫ్ ది అన్‌ఫిట్’ అనే పుస్తకం రాశాడు. 1928లో మానసిక వైకల్యం ఉన్నవారికి శస్త్రచికిత్సతో సంతానం లేకుండా చేసే నిబంధన చట్టసభ దాకా వచ్చి, గట్టి ప్రతిఘటన వల్ల తొలగిపోయింది. జర్మనీలో ఆ ఆలోచన ఎక్కడిదాకా వెళ్ళిందో ప్రపంచం చూసింది. ఆ పాపం అంటిన శాస్త్రం యుద్ధం తర్వాత చేతులు కడుక్కుంటూ, ఇకమీదట ఎవరు పుట్టాలో మేము చెప్పం అని ఒట్టు పెట్టుకుంది. కార్ల్ రోజర్స్ మనస్తత్వశాస్త్రం నుంచి ‘దారి చూపకుండా వినడం’ అనే సూత్రాన్ని అరువు తెచ్చుకుంది. 1969లో సారా లారెన్స్ కళాశాలలో ఈ వృత్తికి మొదటి కోర్సు మొదలైనప్పటి నుంచి విద్యార్థులకు నేర్పుతూ వచ్చింది ఇదే.

ఒట్టు మంచిదే. కాని ఒత్తిడి చేయకపోవడం వేరు, నోరు మెదపకపోవడం వేరు. రోజర్స్ చెప్పినది గంటల తరబడి వినే విద్య. ఆసుపత్రిలో మిగిలింది ముప్పావుగంట, అందులో అరగంట బోధన. వృత్తిలోని పెద్దలలో ఒకడైన సేమూర్ కెస్లర్ 1990లలోనే ఈ సంగతి ఎత్తిచూపాడు. దారి చూపకపోవడమంటే నిష్క్రియ కాదు, అదొక నైపుణ్యం, అది చేతకానివాళ్ళు దాన్ని సాకుగా వాడుకుంటున్నారన్నది ఆయన వాదన సారాంశం. ఆ వాదన పత్రికల్లో అచ్చయింది. గదుల్లోకి ఎంతవరకు వచ్చిందన్నది వేరే సంగతి.

రాప్ వెళ్ళని ఒక గదిలోకి ఇప్పుడు వెళ్ళాలి. జాన్సన్‌విల్ వెల్లింగ్టన్ నగరానికి ఉత్తరాన, కొండల మధ్య, రైలు మార్గం ఆగిపోయే చోట ఉన్న శివారు. భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాటిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అక్కడ రైలెక్కి వెల్లింగ్టన్ స్టేషన్‌లో దిగి, బస్సు మారి న్యూటౌన్‌లోని పెద్దాసుపత్రికి బయల్దేరిన ఒక గర్భిణిని ఊహించండి. తెనాలి దగ్గర పుట్టింది, బీకాం చదివింది, వచ్చి రెండేళ్ళయింది. దుకాణంలో, బస్సులో, పక్కింటివాళ్ళతో ఆమె ఇంగ్లీషు బాగానే నడుస్తుంది. పక్కన భర్త, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొదటి మూడు నెలల రక్తపరీక్ష, స్కాను కలిపి చూస్తే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండగల లెక్క 200లో ఒకటి అని వచ్చింది. సలహాదారు మంచి మనిషి. మెల్లగా, మర్యాదగా అంతా చెప్పింది. నిర్ధారణ పరీక్షలు ఇవీ, వాటి వల్ల గర్భం పోయే లెక్క ఇదీ, ఏం చేసినా, ఏమీ చేయకపోయినా మేము మీ వెంట ఉంటాం, నిర్ణయం మీదే. తిరుగు రైల్లో ఆ ఇల్లాలు భర్తను అడిగే ప్రశ్న: “ఏమండీ, ఇంతకీ ఉన్నట్టా లేనట్టా?”

ఈ ప్రశ్న ఆమె తెలివితక్కువతనం కాదు, ఆ గదిలో జరిగిన పనికి పడిన మార్కు. 200లో ఒకటి అంటే 199 మందికి ఏమీ లేదని ఆ గదిలో ఎవరూ వెనక్కి తిప్పి చెప్పలేదు. వచ్చినది వడపోత మాత్రమే, జల్లెడలో మిగిలినదంతా రాయి కాదు అనే చిన్న ముక్క చెప్పలేదు. పైగా భర్త ఆ ఫలితాన్ని తెలుగులో “పాజిటివ్ వచ్చిందట” అన్నాడు. కరోనా కాలం దాటివచ్చిన తెలుగువాళ్ళకు పాజిటివ్ అంటే ఒకటే అర్థం, జబ్బు ఉంది.

తెలుగులో చెబితే సరిపోతుందా అంటే, అక్కడా గోతులున్నాయి. “బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఉంది” అంటారు మన డాక్టర్లు. అవకాశమంటే ఉద్యోగమో సినిమాలో వేషమో రావాలి, జబ్బు రావడమేమిటి? పోనీ ‘ప్రమాదం’ అందామంటే, ఆ మాట వినగానే బస్సు బోల్తాపడిన దృశ్యం కళ్ళముందు మెదులుతుంది. ‘సంభావ్యత’ ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకం దాటి బయటికి రాలేదు. ‘క్యారియర్’ సంగతి చెప్పనే అక్కర్లేదు. “మీరు తలసీమియా క్యారియర్” అంటే, నాలుగు గిన్నెల అన్నం క్యారియర్ మోసిన జాతికి ఏమర్థమవుతుంది? పాఠ్యపుస్తకాల ‘వాహకులు’ వింటే బోయీలు గుర్తొస్తారు. “మీలో ఈ లోపం దాగి ఉంది, మీకేమీ చేయదు, మీవారిలోనూ దాగి ఉంటేనే బిడ్డ దాకా వస్తుంది” అని నాలుగు ముక్కలు ఎక్కువ మాట్లాడితే పోయేదానికి ఒక్క మాట కోసం వెతుక్కోవడం అనువాదకుల జబ్బు. వైద్యులకు ఆ జబ్బు అంటకూడదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు చుట్టరికంలో ఉంది. వంశవృక్షం గీస్తూ సలహాదారు అడిగే తప్పనిసరి ప్రశ్న: మీరిద్దరూ కజిన్సా? తెలుగమ్మాయి నిజాయితీగా ‘కాదు’ అంటుంది. ఆమె ఇంగ్లీషులో కజిన్ అంటే పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు, అంటే అన్నదమ్ముడు. అన్నను పెళ్ళాడతారా ఎవరైనా? భర్త ఆమెకు మేనత్త కొడుకు, బావ. కాగితం మీద జంటగీత పడవలసిన చోట ఒంటిగీత పడుతుంది. ఇక అక్క కూతుర్ని చేసుకున్న సంబంధమైతే, భారతదేశంలో హిందూ వివాహ చట్టం ఆచారమున్నచోట దాన్ని ఒప్పుకుంటుంది, న్యూజిలాండ్ వివాహ చట్టం నిషేధించిన బంధుత్వాల్లో చేరుస్తుంది. ఆ సంగతి చూచాయగా తెలిసిన ఇల్లాలు ఎలా నోరు విప్పుతుంది? “మీ ఆయన మీకు పెళ్ళికి ముందు ఏమవుతారమ్మా?” అని అడగడానికి జన్యుశాస్త్రంలో పట్టా అక్కరలేదు. తెలుగు పెళ్ళిలో ఒక్కసారి భోజనం చేసి ఉంటే చాలు.

అడిగాక ఏం చెప్పాలన్నది కూడా ముఖ్యమే. ఏ దంపతులకైనా పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాల లెక్క నూటికి మూడు దాకా ఉంటుంది. మేనత్త మేనమామ బిడ్డలు పెళ్ళాడితే, కుటుంబంలో తెలిసిన జబ్బేదీ లేనప్పుడు, దానికి ఇంకో రెండో మూడో కలుస్తాయి. అంటే నూటికి తొంభైనాలుగు మంది పిల్లలు ఏ లోపమూ లేకుండానే పుడతారు. ఇంత తెలిస్తే భయపడేవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, మేనరికాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు కాస్త తగ్గుతారు. ఇదేమీ చెప్పకుండా ‘కజిన్ మ్యారేజా!’ అని కనుబొమలు ఎగరేసి, వెంటనే తటస్థంగా ముఖం సర్దుకునేవాళ్ళను ఆ కనుబొమలతోనే గుర్తుపెట్టుకుంటారు రోగులు.

న్యూజిలాండ్‌లో ఈ అలసత్వానికి సమర్థన ఇంకా తక్కువ. ప్రపంచంలో చాలా దేశాలకు లేని ఒక చట్టం ఇక్కడ ఉంది, అది ఊరికే రాలేదు. 1966 నుంచి ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులున్న స్త్రీలకు సరైన చికిత్స చేయకుండా, వాళ్ళకు తెలియకుండా, ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. శాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అనే ఇద్దరు స్త్రీలు 1987లో ‘మెట్రో’ పత్రికలో ఆ సంగతి బయటపెట్టారు. న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చింది. దాని ఫలమే 1994 నాటి చట్టం, 1996లో అమల్లోకి వచ్చిన రోగుల హక్కుల నియమావళి. అందులో పది హక్కులు. అయిదో హక్కు వైద్యుడు ‘చెప్పాలి’ అని ఊరుకోదు. రోగికి అర్థమయ్యే రూపంలో, భాషలో, తీరులో చెప్పాలంటుంది, అవసరమై వీలున్నచోట సమర్థుడైన దుబాసీ కూడా ఆ హక్కులో భాగమేనంటుంది, మనసు విప్పి మాట్లాడుకోగల వాతావరణం కూడా కావాలంటుంది. చెప్పానా లేదా అన్నది కాదు, అందిందా లేదా అన్నది కొలబద్ద. చికిత్స పేరిట మోసపోయిన స్త్రీల బాధలోంచి పుట్టిన ఈ వాక్యాన్ని ‘ఇంటర్‌ప్రెటర్ కావాలా?’ అని ఇంగ్లీషు బాగా వచ్చిన భర్తను అడిగి, ఆయన ‘నో, వి ఆర్ ఫైన్’ అంటే గడిలో టిక్కు పెట్టే పనికి దించేశారు.

దుబాసీ అనే మాటకు తెలుగునాట పాత చరిత్ర ఉంది. కుంపిణీ దొరకూ ఊరి రైతుకూ మధ్య నిలబడి, రెండు భాషలూ తానే పలుకుతూ, రెండువైపులా తనకు కావలసినంత మిగుల్చుకున్న మనిషి. గర్భిణి పక్కన కూర్చున్న భర్త దుర్మార్గుడు కానక్కరలేదు. అతనూ భయపడుతున్నాడు. భయపడే మనిషి తనకు వినబడినంతే, తాను భరించగలిగినంతే అనువదిస్తాడు. సలహాదారు అయిదు నిమిషాలు చెప్పినదానికి “ఏం లేదులే, ఇంకో టెస్టు చేస్తారట” అంటాడు. ప్రసవానికని వచ్చిన అత్తగారు ఆ గదిలో ఉంటే మాట ఇంకా పొట్టిదవుతుంది. అదే నియమావళిలో ఎనిమిదో హక్కు రోగి తనవాళ్ళను తోడుగా తెచ్చుకోవచ్చంటుంది. తోడు వేరు, దుబాసీ వేరు. చట్టం రెండు కుర్చీలు వేసింది, ఆసుపత్రి ఒకే మనిషిని రెండింటిలోనూ కూర్చోబెట్టింది. కనీసం ఫోనులోనైనా తెలుగు తెలిసిన, ఆ కుటుంబంతో చుట్టరికం గాని సంఘంలో పరిచయం గాని లేని మనిషి కావాలి. చిన్న ఊళ్ళో, అందరూ ఒకే ఉగాది సభకు వచ్చే ఊళ్ళో, ఈ రెండో నియమం మొదటిదానికంటే ముఖ్యం.

అర్థమయ్యేలా చెప్పడం సాధ్యమా అంటే, సాధ్యమే. తలసీమియా దాగి ఉన్న ఇద్దరికి పుట్టే బిడ్డ సంగతి తీసుకోండి. ‘నాలుగింట ఒకటి’ అంటే, మొదటి బిడ్డకు వచ్చింది గనక తర్వాతి ముగ్గురికీ రాదని లెక్క వేసుకునే తల్లిదండ్రులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. తెలుగిళ్ళలో దీనికి మందు వంటింట్లోనే ఉంది. పచ్చీసు ఆటకు చింతగింజలను ఒకవైపు నేల మీద అరగదీసి తెల్లగా చేసేవారు. అలాంటివి రెండు తీసుకుని, ఒకటి అమ్మ గింజ, ఒకటి నాన్న గింజ అనుకుని వేయమనండి. రెండూ నల్లగా పడితే బిడ్డకు జబ్బు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు పడితే అమ్మానాన్నల్లాగే దాగి ఉంటుంది. రెండూ తెల్లగా పడితే ఏమీ లేదు. ఇరవైసార్లు వేయించండి. వరసగా రెండుసార్లు నలుపు పడినప్పుడు ఆ ఇద్దరి ముఖాలు చూడండి. గింజలకు కిందటి పందెం గుర్తుండదని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత “మీకు ఏం అర్థమైందో ఒకసారి మీ మాటల్లో చెప్పండమ్మా” అని అడగాలి. తప్పు చెబితే తప్పు చెప్పినవాడిదే, వినినవాళ్ళది కాదు, మళ్ళీ మొదటికి రావాలి. సంతకం కంటే ఈ తిరిగిచెప్పడం నమ్మదగిన అంగీకారపత్రం.

ఇంత చేశాక కూడా ఆ ఇల్లాలు అడుగుతుంది, “మీరైతే ఏం చేస్తారు డాక్టరుగారూ?” తటస్థవాదులు వణికిపోయే ప్రశ్న ఇది. నేర్పిన జవాబు: అది నేను చెప్పకూడదు, మీ విలువలను బట్టి ఉంటుంది. వినయంగా ఉన్నట్టే ఉంటుంది. తెలుగు చెవికి మాత్రం తలుపు మూసిన చప్పుడు వినిపిస్తుంది. ఆమె అడిగింది ఆజ్ఞ కాదు. పెళ్ళి సంబంధానికీ, పొలం బేరానికీ, కళ్ళ ఆపరేషనుకూ తెలుగువాళ్ళు పదిమందిని ఇదే ప్రశ్న అడుగుతారు, విని తమకు తోచింది చేస్తారు. ‘మీరైతే’ అనడం, కాసేపు నా పక్కన కూర్చోండి అని పిలవడం. దానికి జవాబు చెప్పే పద్ధతులున్నాయి. ఇలాంటి ఫలితంతో వచ్చినవాళ్ళలో కొందరు పరీక్ష చేయించుకున్నారు, ఎందుకంటే తెలియకపోవడాన్ని భరించలేకపోయారు. కొందరు వద్దన్నారు, ఎందుకంటే తెలిసినా చేసేదేమీ లేదనుకున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఈ ఊరి బడిలోనే చదువుతున్నారు, కావాలంటే ఆ తల్లిదండ్రులతో మాట్లాడవచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు ఎక్కువ భయం ఫలానా విషయమని నాకనిపిస్తోంది, నిజమేనా? ఇందులో ఒక్క వాక్యం కూడా ఆజ్ఞ కాదు. అయితే ఇవి చెప్పాలంటే సలహాదారు ముందు ఆమె మాట వినాలి. ‘మీ విలువలను బట్టి’ అనడానికి వినక్కర్లేదు.

దీనికి ఎదురువాదం బలమైనదే. తెలుగు సమాజంలో డాక్టరు మాట వేదం, ‘నేనైతే’ అని మొదలుపెడితే అది తీర్పు అయి కూర్చుంటుంది. పైగా గర్భం గురించిన సమాచారంతో తెలుగువాళ్ళు ఏం చేశారో జనాభా లెక్కల్లో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961, 2011లో 939. లింగనిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చి, 1996లో అమల్లోకి వచ్చి, 2003లో కోరలు పెంచుకున్నా ఇదీ పరిస్థితి. అలాంటివారి ముందు సలహాదారు నోరు కట్టుకోవడమే క్షేమం కాదా?

కాదు. ఆ చట్టాన్ని చదివినవారికి ఒక విచిత్రం కనిపిస్తుంది. లింగం సంగతి మాటతో గాని, సైగతో గాని, మరే విధంగా గాని తెలపకూడదని శాసించిన ఆ అయిదో సెక్షనే, పరీక్షకు ముందు దాని దుష్ఫలితాలన్నీ ఆ స్త్రీకి వివరించాలనీ, ఆమెకు తెలిసిన భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలనీ, ఆ కాగితం నకలు ఆమెకివ్వాలనీ కూడా శాసించింది. మొదటి సగం ప్రతి స్కానింగ్ కేంద్రంలోనూ గోడకెక్కింది. రెండో సగం సంతకం పెట్టే గీతగా మిగిలింది. తెలుగు స్త్రీకి స్కాను గది అంటే డాక్టరు పెదవి విప్పని గది. ఆ అలవాటును మోసుకుని జాన్సన్‌విల్ వచ్చినవారికి ఇక్కడి మర్యాదైన మౌనం కొత్తగా అనిపించదు, అడగకూడదు కాబోలు అనుకుంటారు. న్యూజిలాండ్‌లో కూడా లింగాన్ని బట్టి పిండాన్ని ఎంచుకోవడం 2004 చట్టం ప్రకారం నిషిద్ధమే. నిషేధించవలసినదాన్ని చట్టం నిషేధించింది. మిగిలిన సంభాషణ మీద నిషేధమేమీ లేదు. డాక్టరు మాట వేదమైతే, ఆ మాటను జాగ్రత్తగా వాడాలి గాని దాచిపెట్టకూడదు. డాక్టరు చెప్పని చోట ఆ ఖాళీని అత్తగారు, జ్యోతిష్యుడు, వాట్సాప్ నింపుతాయి. వాటిలో ఏదీ తటస్థం కాదు.

మాట్లాడుకుంటే ఏమవుతుందో ఈ దేశమే చూపించింది. టౌరంగా దగ్గరి మెక్‌లాడ్ అనే మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్నవయసులోనే కడుపు క్యాన్సర్‌తో పోతున్నారు. శాపమన్నారు కొందరు. ఆ కుటుంబపు స్త్రీ మేబెల్ మెక్‌లాడ్ చొరవతో వాళ్ళే ఒటాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలను వెతుక్కుంటూ వెళ్ళారు. వంశవృక్షం వాళ్ళు తెచ్చారు, పరీక్షలు వీళ్ళు చేశారు. పారీ గిల్‌ఫర్డ్ బృందం ఆ జన్యువును గుర్తించి 1998లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. అది గర్భిణుల సంగతి కాదు గాని, జన్యువుల గురించి కుటుంబమూ శాస్త్రమూ ఎలా మాట్లాడుకోవచ్చో తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎవరూ ఎవరికీ కరపత్రం ఇచ్చి ఊరుకోలేదు.

నింద అంతా తెల్లదొరల మీద వేసి తప్పుకోవడం తెలుగు వైద్యులకు సులువు. ఈ భాషలో ఈ మాటలు లేకపోవడానికి కారకులు వాళ్ళే. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు శాస్త్రాన్ని తెలుగులో చెప్పడం దేశసేవ అనుకున్నారు. వేమూరి వెంకటేశ్వరరావు అమెరికాలో ఉంటూ ‘జీవరహస్యం’ రాశారు, ఆయన కంప్యూటర్ల ఆచార్యుడు, వైద్యుడు కాదు. వేలమంది తెలుగు వైద్యులు దేశదేశాల్లో ఉన్నారు. ‘స్క్రీన్ పాజిటివ్’కు, ‘క్యారియర్’కు తెలుగు ఇల్లాలికి తెలిసే వాక్యం ఒకటి రాసిపెట్టే తీరిక దొరకలేదు. సభల్లో పద్యాలు చదవడానికి దొరికింది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి శస్త్రచికిత్సలో వాడే ఒక కండరాల మందు పడదనీ, అది వంశపారంపర్యమనీ మత్తుమందు డాక్టర్లకు తెలుసు. ఆ కుటుంబాల్లో ఎందరికి తెలుగులో చెప్పారు?

రాప్ పుస్తకానికి లోపాలు లేకపోలేదు. మానవశాస్త్ర పరిభాష కొన్నిచోట్ల ఊపిరి ఆడనివ్వదు. ప్రతి సంఘటననూ సిద్ధాంతంలోకి లాగే అలవాటు విసుగు పుట్టిస్తుంది. సలహాదారుల మీద ఆమెకున్న సానుభూతి కొన్నిసార్లు విమర్శను మొద్దుబారుస్తుంది, ఎంతైనా తన పక్కన కూర్చోనిచ్చినవాళ్ళు. అయినా చదవాలి. వరసగా చదవనక్కరలేదు. పరీక్ష వద్దన్న స్త్రీల అధ్యాయం ముందు చదివి, ప్రమాదాన్ని తెలియజెప్పడం గురించిన అధ్యాయానికి వెనక్కి వస్తే, బల్లకు ఇవతలివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్ళ మనసులో ఏం నడుస్తోందో తెలిసి చదవవచ్చు. ప్రయోగశాల అధ్యాయం వైద్యులకు నచ్చుతుంది. మిగతావారు దాటవేసినా నష్టం లేదు.